నాలుగా, ఐదా, ఆరా: బేస్ గిటార్ మొదలుపెట్టేవాళ్ళకి

నేను మొట్టమొదట కొన్నది ఆరు తీగల బేస్. చెప్పుకోవడానికి సిగ్గే కానీ చెప్తే మీకు పనికొస్తుంది. యూట్యూబ్‌లో ఎవరో అంత వెడల్పు ఫ్రెట్‌బోర్డు (ఫ్రెట్లనే లోహపు అడ్డగీతలున్న, వేళ్ళతో తీగలు నొక్కే పలక) మీద కార్డ్స్, అంటే ఒకేసారి కలిపి మోగే స్వరాలు, వాయిస్తుంటే నోరు తెరుచుకుని చూసి, నాలుగు తీగలంటే చిన్నపిల్లల సైకిలు, ఆరంటేనే అసలు బండి అనుకుని, రెండేళ్ళు దాచుకున్న డబ్బంతా ఒక్క మధ్యాహ్నం పెట్టేశాను. ఆర్నెల్ల తర్వాత సికింద్రాబాద్‌లో ఒక చర్చి బ్యాండ్‌తో వాయించే అవకాశం వచ్చింది. మొదటి రిహార్సల్ అయ్యాక డ్రమ్స్ వాయించే పెద్దాయన స్టిక్స్ సంచిలో సర్దుకుంటూ మెల్లగా అన్నాడు: "తమ్మీ, నువ్వు కొట్టేది మంచిగనే ఉంది. కొట్టనివే ఆగమాగం చేస్తున్నయ్."

ఆ మాట అర్థం కావాలంటే ఇంటికొచ్చి ఫోన్ రికార్డింగ్ వినాల్సి వచ్చింది. నా స్వరాలు స్వరాల్లాగే ఉన్నాయి, కానీ వాటి కింద ఎప్పుడూ ఏదో ఒక తీగ మూలుగుతూనే ఉంది. పక్కింట్లో మిక్సీ ఆగకుండా తిరుగుతున్నట్టు. బేస్‌లో తీగలు పెరిగేకొద్దీ వాయించే పని కొంచెమే పెరుగుతుంది, ఆపే పని మాత్రం చాలా పెరుగుతుంది. కొనే ముందు నాకు ఎవరూ చెప్పని సంగతి ఇదే. కింద రాసేదంతా దీని చుట్టూనే.

ముందు తీగల లెక్క. మామూలు బేస్‌కి నాలుగు తీగలు, లావు తీగ నుంచి ఇ, ఏ, డి, జి. ఓపెన్ ఇ, అంటే ఏ ఫ్రెట్టూ నొక్కకుండా మోగించిన ఇ తీగ, సుమారు 41 హెర్ట్‌జ్, జి 98. 1951లో గిటార్లు తయారుచేసే లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ తెచ్చినప్పుడు నిలబెట్టి వాయించే డబుల్ బేస్ శ్రుతినే దీనికీ పెట్టాడు. అప్పుడు తీసుకున్న 34 అంగుళాల స్కేల్, అంటే నట్ (తల వైపు తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే భాగం) వరకు తీగ పొడవు, ఇప్పటికీ ఎక్కువ బేస్‌లకి అదే. ఐదు తీగలదంటే కింద ఒక బి కలుస్తుంది, దాదాపు 31 హెర్ట్‌జ్. ఆరు తీగలదంటే కింద బి, పైన సి. ఈ ఆరు తీగల అమరికని పట్టుబట్టి 1975లో కార్ల్ థాంప్సన్ చేత తయారు చేయించుకున్నది అమెరికన్ బేసిస్ట్ ఆంథొనీ జాక్సన్. ఆయన దాన్ని కాంట్రాబేస్ గిటార్ అనేవాడు. గిటార్‌కి ఆరు తీగలున్నప్పుడు దాని కుటుంబంలో కింది స్థాయి వాయిద్యానికి నాలుగే ఎందుకుండాలన్నది ఆయన ప్రశ్న. ఏడు, ఎనిమిది, తొమ్మిది తీగలవి కూడా దొరుకుతాయి, అవి ఈ వ్యాసం చదివేవాళ్ళకి కాదు, నాక్కూడా కాదు.

మరి మన దగ్గర ఏది తీసుకోవాలి? ఇంగ్లీషు రాక్ పాటలు వాయించుకోవడానికే అయితే నాలుగు తీగలు చాలు, ఇంకో ఆలోచన అక్కర్లేదు. కానీ హైదరాబాద్‌లో బేస్ వాయించడమంటే చాలామందికి చర్చి, ఆర్కెస్ట్రా, పెళ్ళి సంగీత్, తెలుగు సినిమా పాటలు. అక్కడ పాట ఏ శ్రుతిలో ఉండాలో పాడేవాళ్ళు తేలుస్తారు, మనం కాదు. "ఇవాళ గొంతు బాలేదు, ఒకటిన్నరలో పాడదాం" అంటారు. కీబోర్డు వాయించేవాడు ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి నిశ్చింతగా కూర్చుంటాడు. ఒకటిన్నర అంటే సి షార్ప్. నాలుగు తీగల బేస్ మీద అన్నిటికన్నా కింది సి షార్ప్ 'ఏ' తీగ నాలుగో ఫ్రెట్‌లో ఉంది, అంతకన్నా కిందికి దిగడానికి దారి లేదు. ఈలోగా కీబోర్డు వాడి ఎడమ చెయ్యి మనకంటే ఒక స్థాయి కింద తిరుగుతూ ఉంటుంది, మనం బేస్ వాయిస్తున్నామో సెల్లో వాయిస్తున్నామో తెలియదు. ఐదు తీగలదైతే బి తీగ రెండో ఫ్రెట్ నొక్కితే చాలు. సి ఒకటో ఫ్రెట్, డి మూడో ఫ్రెట్, ఇ ఫ్లాట్ నాలుగు. ఐదో ఫ్రెట్‌కి వచ్చేసరికి మళ్ళీ మన పాత ఓపెన్ ఇ. అంటే ఐదో తీగ వల్ల కొత్తగా వచ్చేవి ఐదే స్వరాలు, కానీ మన పాటల్లో ఆ ఐదింటి అవసరం ఎక్కువే.

కాబట్టి నా మాట: ఆర్కెస్ట్రా, చర్చి వైపు వెళ్ళేవాళ్ళు మొదటి నుంచీ ఐదు తీగలది తీసుకోండి, మిగతావాళ్ళు నాలుగు. ఆరు తర్వాత చూద్దాం.

మొదటి బేస్‌కి యామహా టీఆర్‌బీఎక్స్ 174, ఐబనెజ్ జీఎస్‌ఆర్ 200 లాంటివి నాలుగు తీగల్లో, జీఎస్‌ఆర్ 205 ఐదు తీగల్లో చూడండి. కొత్తవి 20 వేలకి అటూ ఇటూ మొదలవుతాయి, ఐదు తీగలదానికి ఇంకొంచెం. సెకండ్ హ్యాండ్ అయితే తక్కువకే వస్తాయి, ఇంజినీరింగ్ నాలుగో సంవత్సరంలో బ్యాండ్ విడిపోయిన కుర్రాళ్ళు అమ్మేవి చాలాసార్లు కొత్తవాటిలాగే ఉంటాయి. అయితే సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు మొహమాటం పక్కన పెట్టండి. హెడ్‌స్టాక్ (తీగలు బిగించే మరలున్న తల) వైపు నుంచి ఒక కన్ను మూసి నెక్ (మెడ) పొడవునా చూడండి, వడ్రంగి చెక్క వంపు చూసినట్టు. నెక్ కొంచెం ముందుకి వంగి ఉంటే సరిచేయొచ్చు, మెలి తిరిగి ఉంటే మాత్రం ఎంత తక్కువకిచ్చినా వద్దు. ప్రతి తీగ మీద ప్రతి ఫ్రెట్ నొక్కి మోగించండి, ఎదుటివాడు విసుక్కున్నా సరే. నాబ్స్ తిప్పినప్పుడు కరకరమంటే అది చిన్న సంగతి, కాంటాక్ట్ క్లీనర్ కొడితే చాలావరకు పోతుంది. ట్రస్ రాడ్, అంటే నెక్ వంపుని సరిచేయడానికి దాని లోపలుండే కడ్డీ, బిగుసుకుపోయి కదలకపోతే అది పెద్ద సంగతి.

ఐదు తీగలదానికి ఒక పరీక్ష అదనం. బి తీగ ఐదో ఫ్రెట్ మోగించి, వెంటనే ఓపెన్ ఇ మోగించండి. రెండూ ఒకటే స్వరం కదా, రెండూ ఒకే వాయిద్యంలా వినిపించాలి. బి వైపుది తడిసిన తాడు కొట్టినట్టు ఉంటే ముందు తీగ పాతదేమో చూడండి, కొత్త తీగతో కూడా అలాగే ఉంటే ఆ బేస్ వదిలేయండి. దీనికి కారణం ఉంది. అంత కింది స్వరానికి 34 అంగుళాల పొడవు కొంచెం తక్కువ, తీగ వదులుగా ఉంటుంది, అందుకే చాలా ఐదు తీగల బేస్‌లని 35 అంగుళాలతో చేస్తారు. ఫ్రెట్లు విసనకర్రలా ఏటవాలుగా పరిచిన బేస్‌లు చూసే ఉంటారు. బి తీగకి పొడవు ఎక్కువ, జి తీగకి తక్కువ ఇవ్వడానికే ఆ ఏటవాలు. డింగ్‌వాల్ కంపెనీవి 37 నుంచి 34 అంగుళాల దాకా ఉంటాయి. చూస్తే భయమేస్తుంది కానీ చేతికి ఓ వారంలో అలవాటవుతుందట, నా చేతికి ఒక్క సాయంత్రంలోనే అయింది.

యాంప్ (యాంప్లిఫయర్) విషయం తొందరగా చెప్పేస్తా. ఇంట్లో సాధన కోసమైతే అసలు యాంప్ కొనకండి. ఒక చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ (బేస్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె), ఒక మంచి హెడ్‌ఫోన్స్ తీసుకోండి. ఇంటర్‌ఫేస్ మీద "ఇన్‌స్ట్రుమెంట్" అనే బటన్ నొక్కడం మర్చిపోకండి, నొక్కకపోతే బేస్ దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టు ఉంటుంది. ఎనిమిది అంగుళాల స్పీకరున్న చిన్న యాంప్‌లో 31 హెర్ట్‌జ్ ఎలాగూ రాదు, మనకి వినిపించేది దాని పైస్థాయి స్వరాలే, మిగతాది చెవి పూరించుకుంటుంది. పైగా అపార్ట్‌మెంట్లు. గిటార్ శబ్దం తలుపు వేస్తే ఆగుతుంది, బేస్ శబ్దం స్లాబులోంచి దిగుతుంది. మా కింది ఫ్లోర్ ఆంటీ ఒకసారి పైకొచ్చి, "బాబూ, మీ ఇంట్లో వాషింగ్ మెషీన్ పాడైనట్టుంది" అని చెప్పి వెళ్ళారు. యాంప్ ఉంటే నేల మీద నేరుగా పెట్టకండి, కింద మందపాటి ఫోమ్ ముక్క వేయండి. స్నేహితుడి గిటార్ యాంప్‌లో బేస్ పెట్టి వాల్యూమ్ పెంచితే వాడి స్పీకరు చినిగే ప్రమాదముంది, ఆ తర్వాత స్నేహం కూడా. కేబుళ్ళు, జాక్‌లు, సోల్డరింగ్ సామాను అంతా కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది, కేబుల్ మాత్రం కొనే ముందు షాపులోనే వంచి, కదిపి చూడండి.

కరెంటు గురించి ఒక్క మాట. పాత ఇళ్ళల్లో, ఫంక్షన్ హాళ్ళలో ఎర్తింగ్ సరిగ్గా ఉండదు. బేస్ తీగల మీద చెయ్యి ఉంచి మైక్ ముట్టుకుంటే జిల్లుమంటే, నవ్వుకుని వదిలేయకండి. వాయించడం ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలిపించండి.

ఇక బ్యాటరీ. ఐదు, ఆరు తీగల బేస్‌లు చాలావరకు యాక్టివ్, అంటే లోపల 9 వోల్టుల బ్యాటరీతో నడిచే ప్రీయాంప్ (శబ్దాన్ని పెంచి సర్దే చిన్న సర్క్యూట్) ఉంటుంది. కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ ఆ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది, మీరు వాయించినా, పడుకున్నా. నేను శనివారం రాత్రి కేబుల్ తీయకుండా పడుకుని, ఆదివారం ఆరాధన మధ్యలో శబ్దం ముందు చినిగి, తర్వాత సన్నబడి, చివరికి పూర్తిగా పోయాక, రెండు పాటలు ఉత్తినే వేళ్ళు కదిపాను. సంఘంలో ఎవరికీ తెలియలేదు. బేస్ వాయించేవాళ్ళ బతుకు ఇంతే. డ్రమ్స్ పెద్దాయనకి మాత్రం తెలిసింది. వాయించడం అవ్వగానే కేబుల్ పీకేయండి, సంచిలో ఒక కొత్త బ్యాటరీ ఉంచండి.

మన ఊరి వాతావరణానికి నెక్ ఏడాదికి రెండుసార్లయినా కదులుతుంది. ఏప్రిల్, మే నెలల్లో గాలి ఎండిపోతుంది, నెక్ నిటారుగా అవుతుంది, మొదటి ఫ్రెట్లలో తీగలు గరగరమంటాయి. జూన్‌లో వానలు పడ్డాక సాధారణంగా ముందుకి వంగి తీగలు ఎత్తుకి లేస్తాయి. చూసుకోవడం తేలికే. ఇ తీగని మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, నెక్ బాడీని కలిసే చోట ఇంకో చేత్తో నొక్కి పట్టండి. ఏడో ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య ఒక విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉండాలి. రెండు చేతులూ నొక్కే పనిలోనే ఉంటాయి కాబట్టి కార్డు పెట్టడానికి ఇంట్లో ఎవరినైనా పిలవాల్సి వస్తుంది, అమ్మలు ఈ పనికి బాగా సరిపోతారు. సందు ఎక్కువుంటే బేస్‌తో వచ్చిన అలెన్ కీతో ట్రస్ రాడ్‌ని బిగించండి, అసలు సందే లేకపోతే వదులు చేయండి. ఎటు తిప్పినా ఒక్కసారికి పావు చుట్టు మించొద్దు, తర్వాత ఒక రాత్రి వదిలేసి పొద్దున్నే చూడండి. నాలుగు తీగలు కలిపి ఆ నెక్‌ని 70 కిలోల పైనే లాగుతుంటాయి, ఆరు తీగలైతే 100 దాటుతుంది, కాబట్టి చెక్కకి సర్దుకునే టైమ్ ఇవ్వాలి. ఎండలో పార్క్ చేసిన కారులో బేస్ వదిలేసి మాల్‌కి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఏమీ లేదు.

తీగల సెట్ ఖరీదు గిటార్ సెట్‌కి మూడు నాలుగు రెట్లు, ఆరు తీగల సెట్ అయితే షాపులో అడిగితే "తెప్పిస్తాం" అంటారు. అందుకే పాత తీగలని ఉడకబెట్టే పద్ధతి ఒకటి బేసిస్టుల్లో ఉంది. తీగలు విప్పి, చుట్టగా చుట్టి, మరిగే నీళ్ళలో పది నిమిషాలుంచి, బాగా తుడిచి ఆరబెడితే లోపల పేరుకున్న చెమట, మురికి వదిలి కొన్ని రోజులు కొత్తవాటిలా మోగుతాయి. బోరు నీళ్ళు వాడకండి, తెల్లటి పొర పట్టుకుంటుంది. ఇడ్లీ గిన్నె కూడా వాడకండి, అది వేరే గొడవ.

ఇప్పుడు అసలు పని. ఐదు తీగల బేస్ ఒకటి చేతిలోకి తీసుకుని, యాంప్‌కో హెడ్‌ఫోన్స్‌కో పెట్టి, కుడి చేతి బొటనవేలు పికప్ (తీగల కింద ఉండి వాటి కదలికని పట్టే భాగం) మీద ఆనించి, జి తీగ నాలుగో ఫ్రెట్ గట్టిగా మీటండి. రెండు లెక్కలయ్యాక ఎడమ చేతి వేలు తీగ మీదే ఉంచి నొక్కు మాత్రం వదలండి, స్వరం ఆగుతుంది. ఆగినా ఇంకా ఏదో మూలుగు వినిపిస్తుంది. బి తీగ మీద వేలు పెట్టండి, టక్కున చాలావరకు తగ్గుతుంది. మీరు మీటింది బి స్వరమే, కింద లావు బి తీగ దానికి సరిగ్గా రెండు స్థాయిల కింద ఉంది, దాని నాలుగో హార్మోనిక్ (ఆ తీగ అసలు స్వరానికి నాలుగు రెట్ల వేగంతో కంపించే పైస్వరం) ఇదే, అందుకే ఎవరూ ముట్టుకోకుండానే అది కదిలింది. సితార్‌లో కింది తరఫ్ తీగలు మోగేది ఇలాగే. అక్కడ అందం, ఇక్కడ తలనొప్పి.

దీనికి మందు కుడి బొటనవేలు. నాలుగు తీగల బేస్ నేర్పే వీడియోల్లో బొటనవేలు పికప్ మీద స్థిరంగా ఉంచమంటారు. ఐదు, ఆరు తీగలకి అలా కుదరదు, బొటనవేలు తీగల మీద పడవలా జారుతూ ఉండాలి. 'ఏ' తీగ వాయిస్తుంటే బొటనవేలు బి తీగ మీద ఆనుతుంది, దాని పక్కవాటం ఇ తీగని తాకుతుంది. డి తీగకి వెళ్తే బొటనవేలు ఇ మీదకి జారుతుంది, బి మీద కూడా వాలే ఉంటుంది. జి తీగకి వెళ్తే ఇంకొంచెం ముందుకి, బి, ఇ రెండిటినీ అడ్డంగా కప్పుకుని పడుకుంటుంది, 'ఏ' తీగని ఉంగరం వేలు చూసుకుంటుంది. మిగిలింది డి. చూపుడు వేలితో జి తీగని మీటాక వేలు గాల్లోకి లేవకుండా లోపలికి వచ్చి డి తీగ మీద ఆగాలి, అప్పుడు డి కూడా నోరు మూసుకుంటుంది. కింది తీగ వాయించేటప్పుడు పైతీగల సంగతి ఎడమ చేతిది: బి తీగ నొక్కుతున్నప్పుడు చూపుడు వేలు నిటారుగా కాకుండా కొంచెం వాల్చి, దాని అడుగుభాగం మిగతా నాలుగు తీగల మీద నొక్కకుండా తాకేలా ఉంచండి. చదువుతుంటే యోగాసనంలా ఉంటుంది. రోజూ పావుగంట, చాలా నిదానంగా, నిమిషానికి 50 బీట్ల దగ్గర చేస్తే రెండు నెలల్లో చెయ్యి తనంతట తానే సర్దుకుంటుంది.

ఎడమ చెయ్యి గురించి కొత్తవాళ్ళు చేసే తప్పు ఒక్కటే చెప్తాను. ఒక్కో ఫ్రెట్‌కి ఒక్కో వేలు అని గిటార్ సార్లు చెప్తారు. బేస్ మీద మొదటి ఫ్రెట్ నుంచి నాలుగో ఫ్రెట్‌కి దాదాపు 13 సెంటీమీటర్లు. అంత చాచి వాయిస్తే నెల తిరక్కుండా మణికట్టు పట్టేస్తుంది. ఐదో ఫ్రెట్ లోపల ఉంగరం వేలు, చిటికెన వేలు కలిపి ఒకే వేలులా వాడండి, చెయ్యి అటూ ఇటూ జరపండి. నొప్పి వస్తే ఆపండి, ఓర్చుకుంటే గొప్పేం కాదు.

సాధనకి ఏం వాయించాలి? చిన్నప్పుడు సరళీ వరుసలు పాడినవాళ్ళకి ఇక్కడ లాభం ఉంది. మాయామాళవగౌళ బేస్ మీద ముచ్చటగా కుదురుతుంది. సి షడ్జమం అనుకుంటే 'ఏ' తీగ మీద 3, 4 ఫ్రెట్లు స, రి. డి తీగ మీద 2, 3 ఫ్రెట్లు గ, మ, అదే తీగ మీద 5, 6 ఫ్రెట్లు ప, ద. జి తీగ మీద 4, 5 ఫ్రెట్లు ని, పై స. అన్నీ పక్కపక్క జంటలే. తీగ మారిన ప్రతిసారీ వెనకటి తీగ ఆగిందా లేదా చెవి పెట్టి వినండి, వరుస తప్పినా పర్వాలేదు, మూలుగు మిగలకూడదు. ఇంకొకటి: స, ప, పై స మూడూ బేస్ మీద ఎక్కడైనా ఒకే ఆకారం. పంచమం పక్క సన్న తీగ మీద రెండు ఫ్రెట్లు ముందు, పై షడ్జమం దాని పక్క తీగ మీద, పంచమం ఉన్న ఫ్రెట్‌లోనే. ఈ మూడు స్వరాలతో సగం పాటలు మర్యాదగా గట్టెక్కుతాయి.

తర్వాత తాళం. మెట్రోనోమ్ మంచిదే, కానీ బోనాల టైమ్‌లో గల్లీలో పుట్టి పెరిగినవాడికి అంతకన్నా మంచి గురువు డప్పు. తీన్మార్ రికార్డింగ్ ఒకటి పెట్టుకుని, లావు పుల్ల బరువుగా పడే దెబ్బల మీదే ఒక్క స్వరం వాయించండి, సన్న పుల్ల జోలికి పోకండి. అది కుదిరాక ఒక మెలిక: బరువు దెబ్బకి స్వరం మొదలుపెట్టి, సరిగ్గా తర్వాతి సన్న దెబ్బకి ఆపండి. మొదలుపెట్టడం పది నిమిషాల్లో వస్తుంది. ఆపడానికి నాకు వారం పట్టింది. డ్రమ్మర్‌తో వాయించేటప్పుడు కూడా ఇంతే, కిక్‌తో (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) పుట్టి స్నేర్‌కి (స్టిక్స్‌తో కొట్టే చిన్న డ్రమ్) ఆగిపోయే స్వరం వింటే డ్రమ్మర్ తలెత్తి మీ వైపు చూస్తాడు. ఇళయరాజా పాటలు హెడ్‌ఫోన్స్‌లో వినేటప్పుడు బేస్ ఎక్కడ మోగిందో కాదు, ఎక్కడ ఆగిందో పట్టుకుని వినండి, ఒకే పాట ఇరవైసార్లు వినాల్సి వస్తుంది.

ఆరు తీగలదానికి ఎప్పుడు వెళ్ళొచ్చని అడిగేవాళ్ళకి: ఫోన్ రికార్డింగ్ ఆన్ చేసి, ఐదు తీగల మీద ఒక పాట మొత్తం వాయించండి, మధ్యలో నాలుగు చోట్ల రెండేసి లెక్కలు పూర్తిగా ఆగండి. తర్వాత హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ నాలుగు ఖాళీలే వినండి. ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం వినిపించకపోతే వెళ్ళి కొనుక్కోండి. నాది అమ్మకానికి లేదు, మూడేళ్ళు బీరువా మీద పడుకున్నాక మొన్న సంక్రాంతికి దించాను, ఇప్పుడిప్పుడే ఆ ఖాళీల్లో ఫ్యాను వినిపిస్తోంది.